ఎనిమిది చిప్‌ల సహపంక్తి

ముందు నాకు నిశ్చయంగా తెలిసినవి చెప్పి, విన్నవాటిని వేరుగా పెడతాను.

నిశ్చయమైనవి ఇవి. ఎనభైల నడుమ, రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు, ఆ ఊరికి కొంచెం ఎడంగా ఉన్న ఒక కర్మాగారం క్వార్టర్లలో, మా ఎదురింటి టెక్నీషియన్ తన ముందుగది బల్ల మీద ఒక యంత్రం కట్టాడు. అందులో ఎనిమిది చిప్‌లు ఒకే లెక్కను పంచుకుని ఏకకాలంలో చేసేవి. తొమ్మిదో చిప్ వాటికి లెక్కలు పంచి, జవాబులు పోగుచేసేది. ఒక్కొక్కటీ దానికదే ఓ బుల్లి కంప్యూటర్. యంత్రం పనిచేసేది. దాని వేగాన్ని నేను గడియారం పెట్టి కొలిచాను. అది చెప్పిన జవాబుల్ని కాగితం మీద సరిచూశాను, తప్పు దొరకలేదు.

విన్నవి: అది మామూలు కంప్యూటర్ కన్నా ఎనిమిది రెట్లు వేగంగా లెక్క కడుతుందని, దాన్ని చూడడానికి విశాఖపట్నం నుంచి పెద్ద ఇంజనీర్లు కారులో వచ్చారని, భువనేశ్వర్‌లో సైతం అటువంటిది లేదని. మొదటిది అబద్ధం, కొలిచినవాడిగా చెబుతున్నాను. రెండోదానికి ఆధారం లేదు. నేను ఎదురింట్లోనే ఉండేవాణ్ణి; ఆ గుమ్మం ముందు ఆగిన వాహనం పాలవాడి సైకిలు ఒక్కటే. మూడోది నిజమే కావచ్చు. కాని ఒక వస్తువు ఒక ఊళ్ళో లేదని చెప్పడానికి ముందు ఎవరైనా వెతికి ఉండాలి. భువనేశ్వర్ వెళ్ళి వెతికినవారెవరూ నాకు తారసపడలేదు.

ఆ యంత్రం మూలంగానే అతనికి పగటి ఉద్యోగం వచ్చిందన్నది మరో మాట. దాన్ని ఏ వరసలో పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు కనుక, జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను ఆ కర్మాగారం ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. నమూనాలు తూచడం, మరిగించడం, వడగట్టడం, కిందటి షిఫ్టువాళ్ళు రాసిన అంకెల్ని నమ్మకపోవడం నా వృత్తి. ఆ అలవాటు నాతోపాటు ఇంటికీ వచ్చేది. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన మా ఎదురింటివాడు వయసులో నా కన్నా చిన్న; నన్ను ‘మేస్టారూ’ అని పిలిచేవాడు. నేను ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. తప్పులు పట్టేవాణ్ణి గౌరవం చెడకుండా తిట్టడానికి అతనికి అంతకన్నా మంచి మాట దొరికినట్టు లేదు.

అతను మోటార్ల మరమ్మతు విభాగంలో మూడు షిఫ్టుల మనిషి. ఒక వారం ఉదయం, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఆ ఏడు కర్మాగారంలో కొత్తగా ఇన్‌స్ట్రుమెంట్ విభాగం తెరవబోతూ, పగటి డ్యూటీ ఉన్న ఒకే ఒక్క చోటును లోపలివారికే ఇస్తామన్నారు. పోటీపడుతున్న మిగతావారికి డిప్లొమాలున్నాయి. ఇతనికి ఉన్నవి ఐటిఐ సర్టిఫికెట్టు, నోరు, బల్ల మీది యంత్రం. వర్క్స్ మేనేజర్ ఒడియా పెద్దమనిషి. కాగితాల కన్నా కళ్ళను నమ్ముతానని చెప్పుకునేవాడు. “విశ్వకర్మ పూజ నాడు ఎవరికి ఏమి వచ్చో చూపించండి” అన్నాడు. ఆ పూజ నాడు మా గేట్లు కుటుంబాలన్నిటికీ తెరిచేవారు. లేత్ మిషన్లు బొట్లు పెట్టుకుని, బంతిపూల దండలు వేసుకుని, ఏడాదికొక్కరోజు విశ్రాంతి తీసుకునేవి.

ఆ పగటి డ్యూటీ అతని కన్నా అతని భార్యకు ఎక్కువ అవసరం. ఒకనాడు మా గుమ్మంలో నిలబడి చెప్పింది: “మా పిల్లకి నాన్నంటే దుప్పటి కింద పడుకున్న మనిషండి, అన్నయ్యగారూ. లెగ్గానే డూటీకి ఎలిపోతారు. మొన్న ఆయన గడ్డం గీసుకుని బయటికొస్తే, అమ్మా ఎవులో వచ్చేరు అంతన్నాది!”

దీన్ని అతిశయోక్తిగా భావించి నేను పరిశీలించాను. పిల్ల నిజంగానే అతన్ని చూసి తలుపు చాటుకు వెళ్ళింది.

అతని గురించి మరొకటి చెప్పాలి. మా క్వార్టర్లలోని తెలుగువాళ్ళు వినాయక చవితికి చేసే సంతర్పణలో వడ్డన పెత్తనం అతనిది. విస్తళ్ళ వరస చివర నడుముకి తువ్వాలు చుట్టి నిలబడితే, జనరల్ ఫోర్‌మన్ అయినా అతను చెప్పేదాకా అన్నం కలపడానికి వీల్లేదు. అందరికీ అన్నీ పడాలి. అందరూ కలిసి మొదలుపెట్టాలి. చివరివాడు ముగించేదాకా ఎవరూ లేవకూడదు. ఈ శాస్త్రం అతనికి బొబ్బిలిలో తాతగారి దగ్గర అబ్బింది. యంత్రం కట్టే శాస్త్రం ఎక్కడ అబ్బిందో అడిగితే రోజుకో చోటు చెప్పేవాడు. చిప్‌లు మాత్రం విశాఖపట్నంలో పాత ఓడల సామాను విప్పి అమ్మే కొట్టులో కొన్నాడు. అది నిశ్చయం, నేను పక్కనే ఉన్నాను.

యంత్రానికి అతను ఇచ్చిన పని ప్రధాన సంఖ్యలను పట్టడం, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించడానికి లొంగని సంఖ్యలను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో స్విచ్చులతో చెబితే, అక్కడి నుంచి వరసగా పరీక్షించి, దొరికినవాటిని ఎర్ర అంకెల్లో చూపేది. ఒక్కొక్క చిప్ ముందు ఒక దీపం. చిప్ పనిలో ఉన్నంతసేపూ అది వెలుగుతుంది.

వానలు పట్టక ముందు, మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళబోతూ నన్ను పిలిచాడు.

“మేస్టారూ, గడియారం తెచ్చుకోండి. ఎనిమిది రెట్లు! మీ కళ్ళతో మీరే సూద్దురు గాని.”

ముందు ఒక్క చిప్‌నే ఉంచి నడిపించమన్నాను. తరవాత ఎనిమిదింటినీ కలిపి అదే లెక్క చేయించాను. ఎనిమిది చిప్‌లూ ఒక్క చిప్ కన్నా కొంచెం ఆలస్యంగా ముగించాయి. మళ్ళీ చేయించాను. మళ్ళీ అంతే.

“మీ గడియారం ఆగిపోనాదేమో సూడండి.”

“గడియారం నడుస్తోంది. నడవనిది నీ యంత్రం.”

“నడవకపోతే ఆ లైట్లేటి మరి?”

లైట్లు ముచ్చటగా ఉన్న మాట వాస్తవం. ఎనిమిదీ ఒక్కసారి వెలిగేవి. నాలుగు వెంటనే ఆరేవి, తక్కినవి ఒకదాని తరవాత ఒకటిగా. క్షణం చీకటి. మళ్ళీ ఎనిమిదీ. ఆ వెంటనే ఆరిన నాలుగింటి మీద నాకు అనుమానం కలిగింది.

“సంఖ్యల్ని ఎలా పంచుతున్నావు?” అన్నాను.

“వరసనే. కూసున్న వరసలో ఎవులి ఇస్తరిలో వాళ్ళకి.”

“అంటే నాలుగింటికి ఎప్పుడూ సరి సంఖ్యలే పడుతున్నాయి. రెండుతో భాగించగానే వాటి పని అయిపోతుంది. మిగతా నాలుగింటిలోనూ ప్రధాన సంఖ్య పడ్డదొక్కటే చివరిదాకా చేస్తోంది; అది తేల్చేదాకా అన్నీ ఖాళీగా కూర్చుంటున్నాయి, పంచడానికి పట్టే కాలం అదనం.”

“కూసోవాల మరి.”

“ఎందుకు కూర్చోవాలి? పని అయినదానికి వెంటనే ఇంకో సంఖ్య ఇవ్వు.”

అతను నిజంగా నొచ్చుకున్నాడు. “అదేటండి మేస్టారూ! పక్కోడు పప్పన్నం దగ్గరుంటే ఇంకోడికి పరవాన్నం మారు వడ్డిస్తామా? దాన్ని పంక్తి భేదం అంతారు. మా తాత సూసేడంటే ఇస్తరి లాగీసేవోడు.”

“ఇవి మనుషులు కావు.”

“మనుషులు కాకపోతే మరియాద ఉండదేటి?”

వంటింట్లోంచి అతని భార్య గొంతు వినిపించింది: “కిందటి చవితి సంతర్పణకి మా అన్న వచ్చేడండి. ఈయన పంక్తిలో కూసుని, పెరుగు కోసం సూసి సూసి, సెయ్యి ఎండిపోయి, ఇంటికొచ్చి మళ్ళీ తిన్నాడు!”

“నువ్వూరుకోయే. ఇది సైన్సు.”

“సైన్సే అయితే ఆయన సెప్పింది ఇనండి.”

నేను అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాను: “నీ పంక్తిలో సగంమంది ఏకాదశి ఉపవాసాలవాళ్ళు. తినరు, లేవరు. వాళ్ళకి విస్తళ్ళు వేసి, ఎనిమిదిమంది భోంచేస్తున్నారని ఊరంతా చెప్పుకుంటున్నావు.”

ఊరంతా అన్నది నేను ఊరికే అనలేదు. రాయగడ బజారులో అతని మేనమామకు కిరాణా టోకు దుకాణం ఉంది. ఆ ఆదివారం చింతపండు కోసం వెళితే, మేనమామ గుడారి అనే ఊరి నుంచి వచ్చిన ఒక చిల్లర వర్తకుడితో మాట్లాడుతున్నాడు.

“మా మేనల్లుడు ఎనిమిది మెదళ్ళ మిషను సేసేడు. విశాపట్నం నుండి ఇంజనీర్లు కార్లు కట్టుకుని వచ్చేరు.”

“వాన ఎప్పుడు పడతాదో సెప్తాదా బాబూ?” అన్నాడు వర్తకుడు.

“అడిగితే సెప్తాది. అడక్కుండా ఎందుకు సెప్తాది?”

అది ప్రధాన సంఖ్యలు తప్ప మరేదీ చెప్పదనీ, దాని వేగం ఒక్క చిప్ వేగానికి మించదనీ, కార్లు రాలేదనీ నేను మనవి చేశాను. మేనమామ తొణకలేదు. చింతపండు తూస్తూ అన్నాడు: “ఎనిమిదిమంది కొడుకులున్న ఇంట్లో పని, ఒక్క కొడుకున్న ఇంట్లో కన్నా ఎక్కువవుద్దేటి బాబూ? అవదు. అయినా ఊళ్ళో ఎవులింటికి ముందు నమస్కారం పెడతారు, సెప్పండి.”

నేను చింతపండు తీసుకుని వచ్చేశాను.

వారం తిరిగేలోగా మా ఎదురింటివాడు మెత్తబడ్డాడు. పూజ నాడు మేనేజర్ కూడా గడియారం తెస్తే పగటి డ్యూటీ గతి ఏమిటన్నది అతని భార్య వేసిన ప్రశ్న. నా లెక్కలకు లేని బలం దానికి ఉంది. మార్చవలసింది పంచిపెట్టే తొమ్మిదో చిప్ ఒక్కదాన్నే. అయితే దానికొక చిక్కు ఉంది. ఆ చిప్ నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. లోపల రాసినదాన్ని చెరపాలంటే ఆ కిటికీలోంచి అతినీలలోహిత కిరణాలు పడాలి. చెరిగాకే కొత్తది రాయడం. అందుకు వేరే దీపం దొరుకుతుంది గాని, రాయగడలో దొరకదు. తెలిసినవాళ్ళు చెప్పిన మరో మార్గం ఎండ. వారం రోజుల నిండు ఎండ కావాలన్నారు. అతను రెండు రోజులు చాలన్నాడు. రెండింటిలో ఏది నిజమో పరీక్షించే అవకాశం రాలేదు, ఎందుకంటే అప్పటికి వానలు దిగాయి.

మా కొండల్లో వాన దిగితే ఇక వెళ్ళేది కాదు. ఏ మధ్యాహ్నమో మబ్బు విడి కాస్త ఎండ పొడ కనిపించేది. అతను షిఫ్టులోనో నిద్రలోనో ఉండేవాడు కనుక చిప్‌ను ఎండబెట్టే బాధ్యత భార్య మీద పడింది. “ఎండొచ్చినప్పుడల్లా పెట్టు. గాజు మీదకుండాల” అని చెప్పాడు. ఆమె డాబా మీద అప్పడాల చాప పరిచి, ఒక మూల అగ్గిపెట్టె మీద ఆ చిప్‌ను కూర్చోబెట్టేది. రెండువైపులా కాళ్ళున్నందున దానికి ‘జెర్రి’ అని పేరు పెట్టింది. చినుకు పడగానే మా ఇంటికి వినబడేలా పరుగెత్తేది. ముందు తెచ్చేది జెర్రిని, తరవాత అప్పడాలను.

“అప్పడాలు తడిస్తే మళ్ళీ ఒత్తుకుంతాను. ఇది పోతే మళ్ళీ మూడు షిఫ్టులే గదండి, అన్నయ్యగారూ.”

ఇంతలో అతనికి కొత్త సందేహం వచ్చింది. పని అయినదానికి వెంటనే మరో సంఖ్య ఇస్తే ఎనిమిది దీపాలూ ఆరకుండా వెలుగుతూనే ఉంటాయి కదా? “ఆగకుండా ఎలిగితే ఆరిపోయినట్టే ఉంతాది మేస్టారూ. సూసేవోడికి ఏటి సూపిస్తాం? ఈధిలైటు సూపించినట్టుంతాది.”

“వేగం చూపిస్తావు.”

“వేగం మీకొక్కరికే కనబడతాది.”

ఇది అహంకారమో, మనుషుల గురించిన అవగాహనో అప్పట్లో తేల్చలేకపోయాను. పూజ ముందురోజు, జెర్రి చెరిగిందా, కొత్తది ఎక్కించావా అని అడిగాను. “రేపు సూద్దురు గాని” అన్నాడు.

పూజ నాడు పొద్దున్నే మోటార్ల షెడ్డులో బల్ల వేసి యంత్రాన్ని పెట్టారు. భార్య దానికి కుంకుమ బొట్టు పెట్టబోతే, బొట్టు తీగల మీద పడకుండా అతను వేలితో చోటు చూపించాడు. పిల్ల తల్లి చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడింది. డిప్లొమాలవాళ్ళు ఒక మీటరు, ఒక వాల్వు చూపించారు. రెండూ సరిగానే పనిచేశాయి, అందుకే ఎవరూ వాటి దగ్గర ఆగలేదు. మేనేజర్ ప్రసాదం చేత్తో పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. నన్ను చూసి, “ఈయన ఉన్నాడు గదా, అయితే సంఖ్య ఈయనే ఇస్తాడు” అన్నాడు. మొదలుపెట్టవలసిన సంఖ్యను అప్పటికప్పుడు తోచినది చెప్పాను. అతను స్విచ్చులు సవరించి మీట నొక్కాడు.

ఎనిమిది దీపాలూ ఒక్కసారి వెలిగాయి, ఆరాయి, చీకటి, మళ్ళీ ఎనిమిదీ. అదే పాత పంక్తి! చెరగలేదన్నమాట, పాతదే పెట్టాడన్నమాట అనుకుని గడియారం చూశాను. అప్పుడు నా మనసు ఇబ్బందిపడింది. దీపాలు పంక్తిలోనే వెలుగుతున్నాయి గాని, అంకెలు నేను ఇదివరకు కొలిచిన దానికి దాదాపు రెట్టింపు వేగంగా మారుతున్నాయి. ఎనిమిది రెట్లు కాదు. కాని దాన్ని పొరపాటని కొట్టిపారేయడానికి వీలులేనంత వేగం.

“అన్నీ కలిసి వెలుగుతున్నాయేం?” అన్నాడు మేనేజర్, హిందీలో.

మా వాడు చేతులు కట్టుకుని చెప్పాడు: “డిసిప్లిన్ సార్. సబ్ సాథ్ మే. ఏక్ భీ ఆగే నహీ జాయేగా.” అన్నీ కలిసే, ఒక్కటీ ముందుకు పోదని.

మేనేజర్ ముఖం వికసించింది. కార్మికుల మధ్య ఆయన పదేళ్ళుగా తేలేకపోయినదాన్ని చిప్‌ల మధ్య చూశాడు కాబోలు. నా వైపు తిరిగి, “జవాబులు సరేనా?” అన్నాడు. నేను కాగితం మీద అయిదారింటిని భాగించి చూశాను. అతని భార్య నా పెన్సిల్‌నే చూస్తోంది.

“జవాబులు సరైనవి” అన్నాను. “వేగం గురించి మాత్రం…”

“జవాబులు సరైతే చాలు” అన్నాడు మేనేజర్. ప్రసాదం నోట్లో వేసుకుని దీపాలను ఇంకాసేపు చూశాడు.

పగటి డ్యూటీ కాగితం దసరాకు ముందే వచ్చింది. దీపాల వల్లనా, జవాబుల వల్లనా, ‘డిసిప్లిన్’ అన్న ఒక్క మాట వల్లనా అన్నది మేనేజర్‌కే తెలియాలి. ఆయన ఎవరితోనూ చెప్పలేదు. యంత్రం వల్ల ఉద్యోగం వచ్చిందనడం పూర్తిగా వినికిడీ కాదు, పూర్తిగా నిజమూ కాదనడం అందుకే.

నాకు కావలసింది వేరు. పంచే చిప్‌లో ఆ రోజు ఏముంది? ముందే రాసిపెట్టిన జవాబులను చూపించాడనడానికి లేదు. సంఖ్య ఇచ్చింది నేను. ఇక మిగిలినవి రెండు. అరకొర ఎండకు లోపలి రాత సగం చెరిగి, ఎక్కడో ఒక్క అంకె మారి, సరి సంఖ్యల్ని దాటవేయడం దానంతటదే మొదలై ఉండాలి. అప్పుడు ఉపవాసాలవాళ్ళు లేచిపోయి, ఎనిమిదిమందీ నిజంగా భోంచేసేవాళ్ళే అవుతారు. లేదా అతనే నా మాట సగం విని, పంక్తి చెడకుండా సరి సంఖ్యల్ని తప్పించి, ఆ సంగతి నా దగ్గర ఒప్పుకోవడం ఇష్టంలేక దాచి ఉండాలి. మొదటిది నమ్మితే మా యంత్రాన్ని సూర్యుడు దిద్దాడని నమ్మాలి. రెండోది నమ్మితే అతను నా మాట విన్నాడని నమ్మాలి. సంభావ్యత దృష్ట్యా రెండూ ఒకలాంటివే.

అడిగాను. “పనిచేసిందా నేదా మేస్టారూ?” అన్నాడు. చిప్ ఇస్తే లోపలి రాతను ఒక్కొక్క అంకే చదివి తేలుస్తానన్నాను. ఎండ దిద్దినదైతే ఈ లెక్కకు అక్కరలేని రాతలో కూడా అక్కడక్కడ చెరిగిన గుర్తులుంటాయి. చేత్తో రాసినదైతే ఉండవు. “తీసుకోండి, నాకేటి” అని భార్యను పిలిచాడు.

ఆమె డాబా మీద నుంచి దిగి వచ్చింది. చేతిలో అప్పడాల చాప, చాప మీద అగ్గిపెట్టె, అగ్గిపెట్టె మీద జెర్రి. వానలు వెనకబట్టి పదిహేను రోజులైంది; మా కొండల మీద ఆకాశం కడిగినట్టుంది.

“ఇదెప్పటి నుంచి ఎండలో ఉంది?” అన్నాను.

“పూజయి మిషను ఇంటికొచ్చి, ఈయన దీన్ని ఊడదీసిన కాడ నుంచీనండి. ఎండొచ్చినప్పుడల్లా పెట్టమన్నారు గదా. ఆపమని ఎవులు సెప్పేరు? సెప్పడానికి పగలు ఈయన ఇంట్లో ఉంతేగా?”

దాన్ని ప్రయోగశాలకు తీసుకుపోలేదు. అతని బల్ల మీదే చదివాను. మొదటి గడి నుంచి చివరి గడిదాకా రాత ఏమీ లేదు, అంతా చెరిగిపోయింది. పదిహేను రోజుల నిండు ఎండ చాలునన్నది మాత్రం ఆ విధంగా రుజువైంది. పిల్ల వచ్చి తండ్రి ఒడిలో కూర్చుని, జెర్రి కాళ్ళు లెక్కపెట్టసాగింది.

సూర్యుడా, అతనా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. సాక్ష్యం అప్పడాలతోపాటు ఎండిపోయింది. నోరు తెరిచి చెప్పగలిగిన మనిషి, తరవాత ఎన్నిసార్లు అడిగినా, సాయంత్రం పిల్లను సైకిలు మీద తిప్పడానికి టైమైందని లేచిపోయేవాడు.